తెలుగువారి పాదాభరణములు: అందె, గజ్జె, గండపెండేరము

ప్రబంధయుగమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒకప్పుడు ఒక పరిశోధక విద్యార్థిని నన్నొక ప్రశ్న యడిగినది. అల్లసాని పెద్దనకు శ్రీకృష్ణదేవరాయలు గండపెండేరము తొడిగిన కథ ఆనాడు ప్రసక్తమైనది. "కవిని గౌరవింపదలచిన రాజు మెడలో హారము వేయవచ్చును, ముంజేతికి కంకణము తొడుగవచ్చును, భుజములపై శాలువ కప్పవచ్చును. కాలికి నగ పెట్టుట యేమి గౌరవమండీ? కాలినగలు ఆడవారివి గదా!" అని యామె సందేహము. తరగతిలో కొందఱు నవ్విరి. గండపెండేరము వీరచిహ్నమనియు, ఆ కాలమున కది ఆచారమనియు చెప్పి నేను పాఠమును ముందునకు సాగించితిని. కాని ఆచారమని చెప్పుట సమాధానము చెప్పుట కాదు. ప్రశ్నను వాయిదా వేయుట మాత్రమే. ఆ యాచారమున కర్థమేమి యను విచారము మిగిలియే యున్నది. ఈ వ్యాసము ఆనాడు వాయిదాపడిన సమాధానము.

ఆభరణములను గూర్చి వ్రాయువారు సాధారణముగా వాని పేర్లను, లోహములను, పనితనమును వర్ణింతురు. అది యవసరమే. కాని ఒక నగకు సంఘములో గల అర్థమును తెలియగోరినచో వేఱు ప్రశ్నలు వేసికొనవలెను. దానిని ఎవరు తొడిగిరి? ఎవరికి తొడిగిరి? దాని సవ్వడి ఎవరి చెవికి చేరవలెనని తొడిగిరి? తొడిగినదానిని తీసివేయు అధికారము ఎవరిది? కంఠాభరణము, హస్తాభరణముల విషయమున ఈ ప్రశ్నలకు అంత ప్రాధాన్యము లేకపోవచ్చును. పాదాభరణముల విషయమున మాత్రము ఇవియే ప్రధానములని నా యభిప్రాయము.

1. పేర్లు, రూపములు

అమరకోశమున పాదాంగదము, తులాకోటి, మంజీరము, నూపురము, హంసకము, పాదకటకము అనునవి కాలినగకు పర్యాయములుగా కనబడుచున్నవి. చిఱుగంటకు కింకిణి, క్షుద్రఘంటిక యను పేళ్లు కలవు. మన కావ్యభాషలో మంజీరము, నూపురము విరివిగా వాడబడినవి. హంసకమను పేరు విశేషముగా గమనింపదగినది. హంస కూతను బోలిన సవ్వడి చేయునది యని దాని భావము. నగను చూచి గాక విని పేరు పెట్టిరన్నమాట.

తెలుగు పదములలో ఒక్కొక్కటి ఒక్కొక్క రూపమును చెప్పును. కడియము గుండ్రని బిళ్ళుసుట్టు. అది చేతికి నుండవచ్చును, కాలికి నుండవచ్చును. అందె సాధారణముగా లోపల బోలుగానుండి, అందులోని చిన్న గుండ్లు కదలినప్పుడు ధ్వనించునది. మువ్వ చీలికగల చిఱుగంట. అట్టి గంటలను వరుసలుగా త్రాటికో తోలుపట్టీకో కూర్చి నాట్యమునకు కట్టుకొనునవి గజ్జెలు. కాలివ్రేలికి తొడుగునవి మెట్టెలు. నేడు ఎక్కువగా వాడుకలో నున్న గొలుసువంటి నగలను పట్టీలనియు, పట్టగొలుసులనియు పిలుచుచున్నారు. ఇక పెండేరము సన్మానార్థము ఒంటికాలికి తొడుగు కడియము.

అందె యనగానే కాలు తలపునకు వచ్చుట సహజము. కాని బుఱ్ఱకథ చెప్పు కథకుని చేతివ్రేళ్లకు తొడుగుకొను గుల్లకడియములను కూడ అందెలనియే వ్యవహరింతురు. వానిలో లోహపు గుండ్లుండును. కథకుడు కుడిచేత తంబుర మీటుచు, ఎడమచేతి అందెలను తాటించి తాళము పట్టును. కాళ్లకు గజ్జెలు వేఱుగా కట్టుకొనును. షేక్ నాజర్ (1920-1997) వంటి కథకుల ప్రదర్శనలను చూచినవారికి ఈ యందెల మ్రోత పరిచితమే. దీనినిబట్టి అందెకు ప్రాణము దాని స్థానము గాక దాని ధ్వని యని తోచుచున్నది.

ప్రాచీనతను గూర్చి ఎక్కువ చెప్ప బనిలేదు. నేడు చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను భద్రపఱుపబడిన అమరావతి శిల్పములలో స్త్రీమూర్తుల కాళ్లకు బరువైన కడియములు స్పష్టముగా కనబడును. క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మింపజేసిన రామప్ప దేవాలయమునందలి నర్తకీ శిల్పములకును పాదాభరణములు కలవు. రెండింటికిని నడుమ వేయి సంవత్సరములకు దగ్గఱ కాలము గడచినను, నగ విడువని పాదములు మాత్రము మారలేదు.

2. సవ్వడి ఎవరికొఱకు?

పుట్టిన బిడ్డకు కాళ్లకు మువ్వల కడియములు తొడుగుట మన యిండ్లలో ఆచారము. అవి సాధారణముగా అమ్మమ్మగారి యింటినుండి వచ్చును. బిడ్డ మగవాడైనను, ఆడుబిడ్డయైనను భేదము లేదు. ప్రాకుచున్న బిడ్డ ఏ గదిలో నున్నదో వంటయింటిలోని తల్లికి తెలియజేయుట ఆ మువ్వల పని. చప్పుడు వినబడుచున్నంతసేపు తల్లి నిశ్చింతగా నుండును. చప్పుడు ఆగినచో లేచి వచ్చి చూచును. బాలకృష్ణుని రూపమును మువ్వలు లేకుండ ఊహింపలేకపోవుటకు మన కవుల వర్ణనలతోబాటు ప్రతి యింటి యనుభవమును కారణమే.

కొన్ని యేండ్లకు మగపిల్లవాని కాళ్లనుండి ఆ కడియములు తొలగిపోవును. ఆడపిల్లకు మాత్రము అవి పెద్దవగుచు వచ్చును. ఇచ్చటనే ధ్వనికి అర్థము మారుచున్నది. పెద్ద కుటుంబములలో క్రొత్తకోడలు నడుచునప్పుడు పట్టీల సవ్వడి ముందుగా వినబడును. అది విని మామగారో, బావగారో పంచ సవరించుకొందురు, లేదా ప్రక్కకు తొలగుదురు. ఇది మర్యాదకు సంబంధించిన సదుపాయమే. కాని అదే సవ్వడి ఆమె ఎచ్చటికి పోవుచున్నదో, ఎప్పుడు లేచినదో, ఎంతసేపు నిలిచినదో ఇంటిలోని వారందఱికి తెలుపుచుండును. పసిబిడ్డ విషయమున రక్షణమైన ధ్వని, పడుచు విషయమున కాపలా యగుచున్నది. నగ ఒక్కటియే, వినువారి యుద్దేశ్యము వేఱు.

ఆలంకారికులు ఈ సూక్ష్మమును చక్కగా గుర్తించిరి. రాత్రివేళ ప్రియునికడకు పోవు అభిసారిక అందెలు తీసివేయుటయో, సవ్వడి రాకుండ వానిని పైకి త్రోసి బిగించుకొనుటయో కావ్యములలో ఒక సంప్రదాయమైన వర్ణన. తన యిష్టానుసారము నడువదలచిన స్త్రీ మొట్టమొదట చేయవలసిన పని అందెల నోరు కట్టుట! శృంగారవర్ణనగా మనము చదివి విడిచిపెట్టు ఈ ఘట్టమున ఒక సాంఘికసత్యము దాగియున్నది. కాలినగ నిశ్శబ్దమైనప్పుడే ఆ కాలు స్వతంత్రమగుచున్నది.

రామాయణమున కాలినగకు మఱియొక ప్రయోజనము కనబడును. ఋష్యమూకముపై సుగ్రీవుడు సీతయొక్క నగల మూటను చూపగా, లక్ష్మణుడు కేయూరములను, కుండలములను ఎఱుగననియు, నిత్యము పాదాభివందనము చేయుటచే నూపురములను మాత్రము ఎఱుగుదుననియు పలికిన ప్రసంగము లోకప్రసిద్ధము. ఇచ్చట నూపురము స్త్రీకి గాక పురుషుని శీలమునకు సాక్ష్యము. తల వంచినవాని చూపు ఎచ్చట నిలుచునో ఆ చోటనున్న నగ యది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. గండపెండేరము విషయమున మరల దీనితో పని యున్నది.

పొరుగుననున్న తమిళ సాహిత్యమున శిలప్పదికారమునకు పేరే కాలియందెనుండి వచ్చినది. మదురలో రాణి యందెను దొంగిలించెనను నిందపై కోవలుని వధింపగా, కణ్ణగి రాజసభలో తన రెండవ యందెను పగులగొట్టి లోపలి మాణిక్యములను చూపినది. రాణి యందెలోనివి ముత్యములు. బయటికి రెండును ఒక్కటిగా నుండవచ్చును, లోపలిది వేఱు. గుల్లయైన అందె నిర్మాణమును తెలిసినవారికే ఆ కథలోని న్యాయము బోధపడును.

3. తొడుగుట, తీయుట

వివాహమున పెక్కు తెలుగు కుటుంబములలో వరుడు వధువు పాదమును సన్నికల్లుపై నుంచి మెట్టెలు తొడుగును. మెట్టె చీలమండకు గాక వ్రేలికి సంబంధించినదైనను, పాదాభరణముల చర్చలో దానిని విడుచుటకు వీలులేదు. మెట్టు అను ధాతువునుండి మెట్టినిల్లు వచ్చినది. అడుగుపెట్టిన యిల్లని యర్థము. మెట్టెకును ఆ మాటకును గల దగ్గఱితనము వినువారి చెవికే తోచును.

ఈ తంతును చూచునప్పుడు ఒక విషయము మనము గమనింపక విడిచిపెట్టుచున్నాము. భార్య భర్త పాదములకు మ్రొక్కుట మన సంప్రదాయమున పలుమార్లు జరుగును. భర్త భార్య పాదమును చేతబట్టుట శాస్త్రసమ్మతముగా జరుగునది దాదాపుగా ఇచ్చటనే. మెట్టె తొడుగవలెనన్న వంగక తప్పదు. మంగళసూత్రము కట్టునప్పుడు వధువు తలవంచుకొని కూర్చుండును. మెట్టెలు తొడుగునప్పుడు వరుడు తల వంచును. ఒక వివాహములోనే ఈ రెండు వంపులును ఉన్నవి. మొదటిదానిని గూర్చి ఎన్నియో పాటలు, ఎన్నియో వ్యాఖ్యలు. రెండవదానిని గూర్చి మాటాడినవారు తక్కువ.

అయినను ఆ వంపు క్షణకాలము. దానిచేత వచ్చిన గుర్తు జీవితకాలము. భర్త చనిపోయినప్పుడు బొట్టు, గాజులతోబాటు మెట్టెలను తీసివేయు ఆచారము మనకు తెలిసినదే. తీయువారు ఆమె కాదు. ఆమె చుట్టును చేరినవారు. ఇతరులు తొడిగినదానిని ఇతరులే తీసికొనుచున్నారు. పసినాడు తొడిగినది తల్లివైపువారు, పెండ్లినాడు తొడిగినది భర్త, చివర తీసినది బంధువర్గము. ఈ మూడు ఘట్టములలోను ఆ పాదము గల మనిషి యిష్టమును ఎవరును అడిగినట్లు కనబడదు. విధవలపట్ల జరుగుచుండిన ఈ క్రూరాచారములను 19వ శతాబ్దమున కందుకూరి వీరేశలింగము పంతులు మొదలగువారు ఖండించిరి. నేడు తమ మెట్టెలను తీయుటకు నిరాకరించిన స్త్రీలును, తీయింపని కుటుంబములును కనబడుచున్నవి. ఇది స్వల్పమైన మార్పని తలంపరాదు. తీసివేయు అధికారము చేతులు మారుచున్నదని దాని యర్థము.

లోహము విషయమును ఇచ్చటనే చెప్పవలెను. నడుమునకు దిగువ బంగారము ధరింపరాదను నియమము తెలుగు కుటుంబములలో బలముగా నున్నది. బంగారము లక్ష్మీస్వరూపము, పాదము శరీరమున నీచస్థానము. అందుచే కాలికి వెండి. పొరపాటున కాలు తగిలినచో పుస్తకమునకైనను, మనిషికైనను చేతితో తాకి కన్నులకద్దుకొనుట ఈ భావమునుండియే వచ్చినది. దేవతామూర్తుల పాదములకు మాత్రము బంగారు అందెలు అలంకరింతురు. రాజకుటుంబములును ఈ నియమమునకు లోబడలేదు. కావున కాలికి బంగారమనగా సామాన్యమానవస్థితిని దాటినదను సూచన యందులో గలదు.

4. గజ్జె

గజ్జెను పాదాభరణమనుటకంటె పనిముట్టనుట యుక్తము. అది అలంకారమునకు గాక లయ పలుకుటకు ఏర్పడినది. ఉత్తరాంధ్రమున తప్పెటగుళ్లవారు ఱొమ్మున తప్పెట కట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి గంతులు వేయుచు పాడుదురు. తెలంగాణమున ఒగ్గుకథ చెప్పువారి కాళ్లకును గజ్జెలుండును. వీరందఱును సంప్రదాయముగా పురుషులే. కృష్ణాజిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి గ్రామమున భాగవతులు తరతరములుగా స్త్రీవేషములను కూడ తామే ధరించి ఆడుచువచ్చిరి. సత్యభామ వేషమునకు పేరెన్నికగన్న వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) అట్టివారిలో చివరితరమునకు చెందిన మహానటుడు. కాబట్టి కాలినగలు ఆడవారివి మాత్రమే యను నా విద్యార్థిని మాట మన ప్రదర్శనకళల ముందు నిలువదు.

గజ్జె కట్టుకొనువారు దానిని మొదట కన్నులకద్దుకొందురు. కాలికి తొడుగవలసిన వస్తువును కంటికి తాకించుట! నీచస్థానమున నుండదగినదను భావము ఇచ్చట తలక్రిందులగుచున్నది. కళ యనునది ప్రవేశింపగానే పాదము ఉత్తమాంగముతో సమానమైనది.

సవ్వడి విషయమునను ఇట్టి తలక్రిందులు కనబడును. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని క్రీ.శ. 13వ శతాబ్ది మధ్యమున రచించిన నృత్తరత్నావళిలో వర్ణింపబడిన దేశినృత్తములలో పేరిణి యొకటి. పేరిణికి శాస్త్రకారులు చెప్పిన అంగములలో ఘర్ఘర ముఖ్యమైనది. కాలికి కట్టిన గజ్జెలను పాదఘాతములచే నానావిధములుగా పలికించుట దాని లక్షణము. ఆధునికకాలమున ఈ పేరిణిని శాస్త్రగ్రంథముల యాధారమున, రామప్ప శిల్పముల సాయమున పునరుద్ధరించినవారు నటరాజ రామకృష్ణ (1923-2011). ఉత్తరదేశమున కథక్ నర్తకులు కాలికి కట్టిన నూఱు గజ్జెలలో ఒక్కదానిని మాత్రమే పలికించి చూపుటయు ప్రసిద్ధము. కోడలి పట్టీ ఆమె కదలినప్పుడెల్ల మ్రోగును. ఆమె యిష్టముతో దానికి పనిలేదు. నర్తకుని గజ్జె అతడు పలుకుమన్నప్పుడే పలుకును, ఊరకుండుమన్నప్పుడు ఊరకుండును. ఇతరులకొఱకు మ్రోగునది నగ. తన వశమున మ్రోగునది కళ. అభిసారిక అందెను మూయించి సాధించిన స్వాతంత్ర్యమును నర్తకుడు గజ్జెను పలికించియే సాధించుచున్నాడు.

అయినను గజ్జె చరిత్రమంతయు ఇంత నిర్మలము కాదు. దేవాలయములకు సమర్పింపబడిన స్త్రీలకు గజ్జెకట్టు ఉత్సవము చేసి, దానితో వారి జీవితమార్గమును నిర్ణయించుటయు మన చరిత్రలోనిదే. ఆ కుటుంబములలో పుట్టిన స్త్రీలు సంగీతనాట్యములను, సాహిత్యమును కాపాడిరి. క్షేత్రయ్య పదములు అభినయముతో సహా మనకు దక్కినవన్న అందులకు వారే ముఖ్యకారణము. కాని ఏమియు తెలియని వయస్సున కాలికి గజ్జె కట్టబడిన బాలికకు దానిని విప్పుకొను స్వేచ్ఛ యుండెడిది కాదు. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించుచు చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మఱియొక చట్టము చేయవలసివచ్చినదనగా, జోగిని, బసివి మొదలగు పేర్లతో ఆ దురాచారము అంతవఱకును సాగుచుండెనని తెలిసికొనవలెను. సంకెలయు, కడియమును ఒకే చోట తొడుగబడునని మఱువరాదు. ఆ రెండింటికిని భేదము లోహములో లేదు. విప్పుకొను అధికారములో నున్నది.

5. గండపెండేరము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. గండడనగా శూరుడు. విజయనగర ప్రభువుల బిరుదులలో ప్రసిద్ధమైన మూరురాయరగండ యనుదానిలో గలది ఈ పదమే. శూరత్వమునకు గుర్తుగా కాలికి తొడుగు కడియము గండపెండేరము. యుద్ధవీరుని నుండి వాగ్వీరునికి అది సంక్రమించినది. కవిగండపెండేరమను మాట ఆ సంక్రమణమును తెలుపుచున్నది.

పెద్దన కథ మనకు చాటుపద్యముల ద్వారా, జనశ్రుతి ద్వారా వచ్చినది. రాయలు సభలో బంగారు పెండేరమును పళ్లెరమున నుంచి, సంస్కృతాంధ్రములందు సమానముగా కవిత్వము చెప్పగలవారు దీనిని గైకొనవచ్చునని పలికెననియు, పెద్దన దీర్ఘమైన ఉత్పలమాలికను ఆశువుగా చెప్పి సభను మెప్పించెననియు ఆ కథ. ఇందు చారిత్రకాంశమెంత, కల్పన యెంత యను చర్చ వేఱు. మనకు కావలసినది, ఆ కథను చెప్పుకొన్నవారు ఏ యంశమును ముఖ్యముగా నెంచిరి యనునది.

రాయల మరణానంతరము పెద్దన చెప్పినదిగా ప్రచారములోనున్న ఒక చాటుపద్యమున, తనకు రాయలు చేసిన గౌరవములను కవి తలచుకొని దుఃఖించును. ఎదురుపడినప్పుడు రాజు తన యేనుగును నిలిపి చేయూత నిచ్చి తనను ఎక్కించుకొనుట, మనుచరిత్రమును అంకితము గొన్ననాడు పల్లకిని తన చేతితో ఎత్తుట, అగ్రహారముల నిచ్చుట, పెండేరమును తానే పాదమునకు తొడుగుట అందు వరుసగా చెప్పబడినవి. ఈ వరుసను పరిశీలింపుడు. అగ్రహారమును విడిచినచో తక్కినవన్నియు రాజు శరీరముతో చేసిన పనులు. చేయి అందించెను, పల్లకి మోసెను, పాదమునొద్ద వంగెను. పెండేరము విషయమున కవి నొక్కిచెప్పినది బంగారమును కాదు, దాని తూకమును కాదు. రాజు తానే తొడిగెనను సంగతిని. కొలువులో పదుగురు సేవకులుండగా రాజు తానే తొడుగుట యను దానియందే ఆ గౌరవమంతయు నున్నది.

ఇదియే నా విద్యార్థినికి చెప్పవలసియుండిన సమాధానము. మెడలో హారము వేయునప్పుడు తీసికొనువాడు తల వంచును. భుజముపై శాలువ కప్పునప్పుడు ఇద్దఱును నిటారుగా నిలువవచ్చును. కాలికి కడియము తొడుగునప్పుడు మాత్రము ఇచ్చువాడు వంగవలెను. హారము ఎంత విలువైనదైనను రాజు రాజుగానే నిలిచి ఇచ్చును. పెండేరము నిచ్చుటకు రాజు క్షణకాలము రాజరికమును విడువవలెను. లక్ష్మణుని చూపు ఎచ్చట నిలిచినదో ఆ చోటికి రాజు చూపు దిగవలెను. కాలికి తొడుగుటచే ఆ నగకు విలువ తగ్గలేదు. కాలికి తొడుగుటచేతనే వచ్చినది. దానికి తోడు నడుమునకు దిగువ బంగారము కూడదను నియమమును కవి విషయమున సడలించుట, అతనిని సామాన్యస్థితినుండి పైకెత్తుటయే. పాదము నీచస్థానమను భావము లేకున్నచో ఈ గౌరవమునకు అర్థమే యుండదు. సంఘము ఏర్పఱచిన ఎచ్చుతగ్గులను ఒప్పుకొనుచునే వానిని తలక్రిందులు చేయు తంతు ఇది.

6. మఱియొక పాదము

రాజులు పోయిరి, పెండేరము పోలేదు. 20వ శతాబ్దమునను కవులకు, పండితులకు గండపెండేర సన్మానములు జరిగినవి. వానిలో ఒకదానిని ప్రత్యేకించి చెప్పక తప్పదు.

గుఱ్ఱము జాషువ (1895-1971) వినుకొండలో పుట్టిన కవి. అస్పృశ్యతచే తాను పడిన యవమానములను మహాకవితగా మార్చినవాడు. ఆయన గబ్బిలము 1941లో వెలువడినది. కాశిలోని విశ్వేశ్వరునికి తన గోడు చెప్పుకొనుటకు గుడిలో ప్రవేశము లేని అస్పృశ్యుడొకడు గబ్బిలమును దూతగా పంపుట అందలి కథ. అట్టి జాషువ కాలికి గండపెండేరము తొడిగినవారు తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870-1950). శతావధాని, మహాపండితుడు, విశ్వనాథవంటి శిష్యులు గల గురువు, వయస్సున జాషువకంటె ఇరువదియైదేండ్లు పెద్ద. ఆ కవి పాదమును కడిగి తన జన్మమును ధన్యము గావించుకొనుచున్నానని శాస్త్రిగారు పలికిరని ప్రసిద్ధి.

ఈ ఘట్టమును పెద్దన ఘట్టముతో పోల్చి చూచినప్పుడు దాని బరువు తెలియును. రాయలు క్షత్రియుడుగా పరిగణింపబడిన ప్రభువు, పెద్దన బ్రాహ్మణుడు. రాజు బ్రాహ్మణుని పాదమునొద్ద వంగుట ధర్మశాస్త్రమునకు విరుద్ధము కాదు. అధికారము విద్యకు వంగినది, వర్ణక్రమము చెదరలేదు. జాషువ విషయమున అట్లు కాదు. పురుషసూక్తము నాల్గవ వర్ణమును పాదములనుండి పుట్టించినది. జాషువ పుట్టిన కులమునకు ఆ పాదములందును చోటు లేదు. చెప్పులు తొడుగుకొని పెద్దకులముల వీథులలో నడువరాదని అట్టివారిని శాసించిన పల్లెలు మన దేశమున ఎన్నియో యుండెను. తాకుటయే కూడదనిన కాలమున ఒక వృద్ధబ్రాహ్మణ పండితుడు ఆ పాదమును తాకెను, కడిగెను, దానికి నగ తొడిగెను. కన్యాదానమున వరుని కాళ్లు కడుగునట్లు, అతిథికి అర్ఘ్యపాద్యముల నిచ్చునట్లు కడిగెను. పాదాభరణమునకు మన సంస్కృతిలోగల అర్థమంతయు ఒక్కసారి వెలికివచ్చినది ఇచ్చటనే యని నేను భావించుచున్నాను.

ఒక పెండేరముచే అస్పృశ్యత తొలగెనని ఎవరును అనరు. జాషువయే అట్లనలేదు. ఒకనాటి సభలోని వంపు తరతరముల నిటారుతనమునకు పరిహారము కాజాలదు. మెట్టె తొడుగు క్షణమునందలి వరుని వంపును గూర్చి పైన ఏమి చెప్పితినో అదియే ఇచ్చటను వర్తించును. ఐనను సంఘము ఏ పాదమును నీచమన్నదో ఆ పాదమునొద్దకు పోయి వంగుట, చేసినవానికిని, చూచినవారికిని మఱపురాని పాఠము. దండ వేసినచో ఆ పాఠము కలుగదు.

7. ముగింపు

పై చర్చలో తేలిన విషయమును సంగ్రహముగా చెప్పవచ్చును. పాదాభరణమునకు స్థిరమైన ఒక్క యర్థము లేదు. తల్లి తొడిగిన మువ్వ రక్షణము. అత్తవారింటి పట్టీ మర్యాదయు, కాపలాయును. విప్పుకొనరాని గజ్జె సంకెల. తానే కట్టుకొన్న గజ్జె కళ. పెద్దలు వంగి తొడిగిన పెండేరము సన్మానము. వీనిని వేఱుచేయునది లోహము గాని, పనితనము గాని కాదు. తొడిగినది ఎవరు, ఎట్లు తొడిగిరి, మ్రోగించునది ఎవరు, విప్పునది ఎవరు అను ప్రశ్నలే వేఱుచేయుచున్నవి. మన కావ్యములలో అందెల వర్ణన వచ్చినప్పుడెల్ల అధ్యాపకులు శృంగారమని చెప్పి ముందునకు సాగక ఈ ప్రశ్నలను కూడ విద్యార్థులముందుంచిన బాగుండును. జానపదవాఙ్మయమున, ముఖ్యముగా స్త్రీల పాటలలో, ఈ దృష్టితో చేయదగిన పరిశోధన యింకను చాల కలదు.

నేడు ఉద్యోగములు చేయుచున్న యువతులు పట్టీలను తామే కొనుక్కొనుచున్నారు. కొందఱు ఒంటికాలికే ధరింతురు, కొందఱు మువ్వలు లేనివానిని కోరుదురు, కొందఱు అసలే ధరింపరు. పెద్దలకు ఇది వింతగా తోచవచ్చును. కాని వారు ఉదయమున పట్టీ తొడుగుకొనుటకు తమ పాదమునొద్ద తామే వంగుచున్నారు. సాయంకాలము తామే విప్పుకొనుచున్నారు. తొడుగు చేయియు, విప్పు చేయియు ఒక్కటియగుట మన పాదాభరణముల చరిత్రలో చిన్న సంగతి కాదు. నన్ను ప్రశ్న యడిగిన విద్యార్థిని కాలికిని ఆనాడు అట్టి సన్నని వెండి పట్టీ యొకటి యుండెను. ఆమె తన ప్రశ్నకు సగము సమాధానమును కాలికి ధరించియే తరగతికి వచ్చినదని నాకు తెలిసివచ్చుటకు ఇంతకాలము పట్టినది.